గోదావరి జిల్లాల మంచి కథ ఫీడ్‌లో ఎందుకు పైకి రాదు?

క్లుప్తంగా

కోనసీమ, భీమవరం, కాకినాడ వైపు కథలూ కవితలూ రాసేవాళ్లు తగ్గలేదు. రాసిన దాన్ని పెట్టే చోటు మారింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, సీరియల్ యాప్‌లు, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పడే రాతల్లోంచి చదవదగ్గది ఏరుకోవడమే కష్టమైంది. ఫీడ్‌ను, అంటే యాప్ తెరవగానే కనబడే పోస్టుల జాబితాను, వరస పెట్టే లెక్క తొందరగా వచ్చే స్పందనను కొలుస్తుంది. నిదానంగా చదవాల్సిన రచన ఆ లెక్కలో మొదటి గంటలోనే వెనకబడుతుంది. ఒకే మాటను నాలుగు రకాలుగా రాసే అలవాటు, బొమ్మగా మారిన రాత, రచయిత పేరు ఊడిపోయిన ఫార్వర్డ్‌లు దీనికి తోడవుతున్నాయి. ట్యాగ్‌ను నమ్ముకోవడం మాని మనిషినీ, వృత్తి మాటనూ, తేదీనీ పట్టుకుని వెతికితే ఫలితం చాలా మెరుగు.

సంపాదకుడి బల్ల నుంచి ఫీడ్ దాకా

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధిని మొదలుపెట్టిన నాటి నుంచి గత శతాబ్దం చివరి దాకా, ఏ రచన పాఠకుడి దాకా వెళ్లాలో సంపాదకుడే తేల్చేవాడు. ఆ పద్ధతి గొప్పదేమీ కాదు. రాజోలు నుంచి కథ పోస్టు చేసి జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. పత్రికాఫీసులో తెలిసినవాళ్లుంటే పని సులువు, లేకపోతే తిరుగు టపాయే. అయినా అందులో ఒక హామీ ఉండేది. అచ్చయిన కథను కనీసం ఒక్క మనిషి మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి ఉంటాడు. నేటి ఫీడ్ ఆ ఒక్క హామీనీ ఇవ్వలేదు.

మధ్యలో ఇంకో దశ నడిచింది. 1998లో వచ్చిన ఈమాట వంటి వెబ్ పత్రికలు సంపాదకుడిని ఉంచుకుని అచ్చు ఖర్చును వదిలించుకున్నాయి. ఆ తర్వాత తెలుగు బ్లాగులు పెరిగినప్పుడు అన్ని బ్లాగుల కొత్త టపాలనూ ఒకచోట చూపే కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు పుట్టాయి. వాటి పద్ధతి చాలా సాదా: ఎవరు కొత్త టపా రాసినా అది కాసేపు వరస పైన కనబడుతుంది, తర్వాత వచ్చినవి దాన్ని కిందికి నెడతాయి. పేరున్న రచయితకూ, మండపేటలో నిన్న బ్లాగు తెరిచిన కుర్రాడికీ అక్కడ దక్కే సమయం ఒకటే. రోజుకు పడే టపాలు పరిమితం కాబట్టి ఓపికున్న పాఠకుడు అన్నీ తిరగేయగలిగేవాడు.

ఆ ఏర్పాటు కొద్ది ఏళ్లలోనే చెదిరింది. నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదివించే తన ఫీడ్ రీడర్‌ను గూగుల్ 2013 జులై 1న మూసేసింది. రాసేవాళ్లు అప్పటికే ఫేస్‌బుక్‌కు మారిపోతున్నారు. 2016లో ఇన్‌స్టాగ్రామ్ కాలక్రమ వరసను వదిలి, ఎవరికి ఏది నచ్చుతుందో అంచనా కట్టే వరసకు మారింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో స్నేహితులు, బంధువుల పోస్టులకూ, సంభాషణ రేపే పోస్టులకూ పెద్దపీట వేస్తామని, పేజీల పోస్టులు తక్కువగా కనిపిస్తాయని ప్రకటించింది. సాహిత్య పేజీ నడిపేవాళ్లకు ఆ దెబ్బ సూటిగా తగిలింది. 2020 లాక్‌డౌన్ తర్వాత కొన్ని కథల పత్రికలు అచ్చు ఆపేయడంతో, అక్కడికి పంపే రచనలు కూడా ఇదే రద్దీలోకి వచ్చి పడ్డాయి.

పన్నెండు నిమిషాల కథ, రెండు సెకన్ల ఫొటో

అసలు చిక్కు ఎక్కడుందో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒకే సాయంత్రం, ఒకే స్థాయిలో పరిచయాలున్న ఇద్దరు చెరొకటి పోస్ట్ చేశారనుకుందాం. మొదటిది భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా కథ: కరెంటు పోతుంది, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, జనరేటర్‌లో డీజిల్ ఉండదు, తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. కథ 1,800 పదాలు. రెండోది కాలువ గట్టున కొబ్బరిచెట్ల ఫొటో, దాని మీద నాలుగు పాదాల కవిత.

నిమిషానికి 150 పదాలు చదివేవాడికి కథ పూర్తవడానికి 12 నిమిషాలు పడుతుంది. ఫొటోకు రెండు సెకన్లు చాలు. మొదటి గంటలో రెండూ 200 మంది కంటపడ్డాయనుకుంటే, ఫొటోను 40 మంది లైక్ చేస్తారు. కథను 20 మంది తెరుస్తారు, 8 మంది చివరిదాకా చదువుతారు, వాళ్లలో 6 మంది లైక్ చేస్తారు. చదివినవాళ్లలో మెచ్చినవాళ్ల లెక్క తీస్తే కథకు 75 శాతం, ఫొటోకు 20 శాతం. కానీ వరస పెట్టే యంత్రానికి మొదట కనబడేది 40కీ 6కీ ఉన్న తేడా. ఎక్కువ స్పందన వచ్చినదాన్ని అది మరో వెయ్యిమందికి చూపిస్తుంది. కథ అక్కడితో ఆగిపోతుంది.

కాలం గడిచేకొద్దీ ఈ తేడా ఎలా పెరుగుతుందో తెలియడానికి బహిరంగంగా తెలిసిన సూత్రం ఒకటుంది. హ్యాకర్ న్యూస్ అనే సైటు వరస కట్టడానికి వాడిన లెక్క ఇది: వచ్చిన ఓట్లలోంచి ఒకటి తీసేసి, పోస్టు వయసు గంటలకు రెండు కలిపి, ఆ మొత్తాన్ని 1.8 ఘాతానికి పెంచి, దానితో భాగిస్తారు. ఈ లెక్కన గంట వయసులో 40 ఓట్లు తెచ్చుకున్న పోస్టు విలువ 5.4. అవే 40 ఓట్లు 24 గంటలకు తెచ్చుకున్న పోస్టు విలువ 0.11. ఓట్లు సమానమే, విలువలో దాదాపు 49 రెట్లు తేడా. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తమ పూర్తి సూత్రాలను బయటపెట్టవు. అవి లెక్కలోకి తీసుకునే అంశాలు ఇంతకంటే చాలా ఎక్కువ కూడా. కానీ పాతబడేకొద్దీ విలువ తగ్గించడమనే సూత్రం అన్నిటికీ సామాన్యమే.

రాత్రి పదకొండున్నరకు పోస్ట్ చేసిన కథ పొద్దున్న లేచి చదువుదామని పక్కన పెట్టుకున్నవాడు అసలైన పాఠకుడు. యంత్రం దృష్టిలో అతను ఆలస్యంగా వచ్చినవాడు. కథకు మేలు చేసే పాఠకుడే వరసలో దానికి తక్కువ ఉపయోగపడతాడు.

దీన్ని గ్రహించిన రచయితలు రాత మార్చుకుంటున్నారు. పేరాలు రెండు వాక్యాలకు కుదించుకుపోయాయి. కొసమెరుపు మొదటి వాక్యంలోకే వచ్చేసింది. సీరియల్ యాప్‌ల్లో ఒత్తిడి ఇంకో తీరుగా ఉంటుంది. అక్కడ భాగం చివర పాఠకుడు ఆగకుండా తర్వాతి భాగం నొక్కాలి. కొన్నిచోట్ల ఆ తర్వాతి భాగానికి డబ్బు కట్టాలి, లేదా ఒక రోజు ఆగాలి. కాబట్టి పది భాగాల్లో ముగియాల్సిన కథ అరవై భాగాలు సాగుతుంది. పెళ్లి, అపార్థం, ఆస్పత్రి, మళ్లీ అపార్థం. అందులో పనితనం లేదనడం తప్పు. రోజుకో భాగం రాసి పాఠకుణ్ని నిలబెట్టుకోవడం తేలిక పని కాదు. కాకపోతే అది వేరే పనితనం, చిన్న కథ వెతుక్కునేవాడికి అది అడ్డం.

చుక్కలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఫీడ్‌ను పక్కనపెట్టి రేటింగ్ చుక్కలు చూసి చదువుదామనుకున్నా చిక్కే. ఐదుగురు చదివి ఐదుగురూ మెచ్చుకున్న కథకు సగటు నూటికి నూరు. వంద మంది చదివి తొంభై మంది మెచ్చుకున్న కథకు తొంభై. సాదా సగటు మొదటిదాన్ని పైన పెడుతుంది. ఆ ఐదుగురూ రచయిత బంధువులే కావచ్చు.

ఎడ్విన్ విల్సన్ 1927లో చెప్పిన గణాంక పద్ధతి ఈ లోపాన్ని సరిచేస్తుంది. శాంపిల్ ఎంత చిన్నదైతే మార్కు అంత తగ్గించి లెక్కిస్తుంది. 95 శాతం నమ్మకంతో కింది హద్దు, అంటే అసలు మార్కు ఇంతకు తగ్గకపోవచ్చన్న అంచనా, తీస్తే ఐదుకు ఐదు వచ్చిన కథకు 0.57, వందకు తొంభై వచ్చిన కథకు 0.83. వరస తారుమారైంది. రెడిట్ అనే చర్చల సైటు 2009లో కామెంట్లను వరస పెట్టడానికి ఈ పద్ధతి తెచ్చింది. పాఠకుడు కూర్చుని కాగితం మీద ఈ లెక్క చేయనక్కర్లేదు. చుక్కల పక్కన ఎంతమంది అన్న అంకె చూడకుండా చుక్కల్ని నమ్మకూడదన్నంత వరకు గుర్తుంటే సరిపోతుంది.

అంకె పెద్దదైనా పూర్తిగా నమ్మడానికి లేదని 2006లో తేలింది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు 14,341 మందికి ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 వినిపించారు. కొందరికి డౌన్‌లోడ్ లెక్కలు చూపించలేదు. మిగతావాళ్లను ఎనిమిది వేర్వేరు గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఆ గుంపు లెక్కలే చూపించారు. లెక్కలు చూసిన చోట గెలిచిన పాటకు మరింత జనం ఎగబడ్డారు. కానీ ఒక గుంపులో గెలిచింది ఇంకో గుంపులో గెలవలేదు. మరీ మంచివి అడుగుకు పడిపోవడం అరుదు, మరీ నాసివి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవి ఎక్కడైనా తేలవచ్చు. మన ఫీడ్‌లో రోజూ కనబడే రచనల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోవే. వాటిలో పైకొచ్చినది మెరుగైనదనుకోవడానికి ఆధారం లేదు.

దీనికి మనవైపు ముఖప్రీతి కూడా కలుస్తుంది. గ్రూపులో పెద్దాయన కవిత పెట్టగానే “అద్భుతం సర్”, “మనసు దోచారు మేడం” అని వరసగా పడతాయి. రేపు తమ కవిత కింద కూడా అవే పడాలి కదా. ఇది ఊళ్లో పెళ్లి చదివింపుల లెక్కే, రాసుకుని తిరిగి పెట్టాలి. అందుకే కామెంట్ల సంఖ్య కంటే వాటిలోని విషయం ఎక్కువ చెబుతుంది. కథలోని మనిషిని పేరుతో ప్రస్తావించినవి, ఫలానా వాక్యం దగ్గర ఆగానన్నవి, ముగింపుతో పేచీ పెట్టుకున్నవి రెండు మూడున్నా చాలు, ఎవరో నిజంగా చదివారన్నమాట.

“గోదావరి” అని వెతికితే వచ్చేది

డెల్టాకు సంబంధించిన ప్రత్యేక ఇబ్బంది ఇది. “గోదావరి”, “కోనసీమ” అన్న ట్యాగులు పర్యాటకం, తిండి చేతుల్లోకి వెళ్లిపోయాయి. పడవ ప్రయాణం, పూతరేకులు, పులస, హోమ్‌స్టే, సంక్రాంతి పందేలు. మాటకు “ఆయ్” చేర్చి నవ్వించే రీళ్లు సరేసరి. వాటి మీద ఫిర్యాదేమీ లేదు, వాటికి జనం ఉన్నారు. కానీ ఆ ట్యాగు కింద వెతికినవాడికి లంక గ్రామం, అంటే నది మధ్య దిబ్బ మీది ఊరి, మనిషి రాసిన కథ తగలడం దాదాపు అసాధ్యం. పుష్కరాలు 2015 జులైలో జరిగాయి, మళ్లీ 2027లో వస్తాయి. అప్పటికి ఆ ట్యాగుల రద్దీ ఇంకెన్నో రెట్లు పెరుగుతుందని ఇప్పుడే చెప్పొచ్చు.

కాలం కూడా ఇందులో ఆట ఆడుతుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మూడో హెచ్చరిక జారీ అయిన రోజున “వరద” అన్న మాటతో ఏది పెట్టినా జనం చూస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద జ్ఞాపకాలు అప్పుడే మళ్లీ తేలతాయి. అదే విషయం మీద ఏడాదంతా కూర్చుని రాసిన కథను ఫిబ్రవరిలో పెడితే పట్టించుకునే దిక్కుండదు. ఆగస్టులో పెడితే వీడియోల కింద మునిగిపోతుంది. నీళ్లు తీసిన రెండు మూడు వారాలకు, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో, వరద మీద నిదానంగా రాసినవి బయటికొస్తాయి. వెతికేవాళ్లు ఆ తేదీల మీద దృష్టి పెట్టడం లాభసాటి.

మరి డెల్టా గురించి నిజంగా తెలిసి రాసినవాళ్ల కథలో ఏ మాటలుంటాయి? “గోదావరి అందాలు” అన్న మాట వాళ్లు దాదాపు రాయరు. ఖరీఫ్, రబీ అనరు, సార్వా, దాళ్వా అంటారు. ఏటిగట్టు, రేవు, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ), లంక, కాలువలు కట్టేయడం, కొబ్బరి దింపు, వలుపు, రొయ్యల పట్టుబడి, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య), సీడ్ (రొయ్య పిల్లలు), లేసు అల్లిక, కువైట్ ప్రయాణం. ఈ మాటలే వెతుకులాటకు తాళంచెవులు. పర్యాటక ప్రకటన రాసేవాడికి వీటితో పనిలేదు కాబట్టి ఫలితాల్లో చెత్త దానంతటదే తగ్గుతుంది.

అక్షరాల చిక్కుముడి

తెలుగులో వెతకడం ఇంగ్లిష్‌లో వెతకడంలాంటిది కాదు. విభక్తి మాటకే అతుక్కుంటుంది. “లంక” అని వెతికితే “లంకలో”, “లంకల్లో”, “లంకోళ్లు” అన్న రూపాలు చాలా యాప్‌ల సెర్చ్‌కు కొత్త మాటల్లాగే కనబడతాయి. కొటేషన్ గుర్తుల మధ్య “దాళ్వా” పెడితే “దాళ్వాకి” ఉన్న కథ తప్పిపోవచ్చు. వద్దనుకున్న మాటకు ముందు మైనస్ పెట్టినప్పుడూ ఇదే తంటా. “రిసార్ట్” తీసేయమంటే “రిసార్టులో” మిగిలిపోతుంది. రెండు మూడు రూపాలు విడివిడిగా ఇవ్వాల్సిందే.

వర్ణక్రమం సంగతి మరీ ఘోరం. “కథ” అని రాయాల్సిన చోట “కధ” అని రాసేవాళ్లు కోకొల్లలు. ఒకదానితో వెతికితే రెండోది రాదు. దాళ్వా, దాల్వా, దాళవా. నరసాపురం, నర్సాపురం, నర్సాపూర్. రాజమహేంద్రవరం, రాజమండ్రి, రాజమహేంద్రి. ఊరి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయినా, కథల్లో మనుషులు ఇప్పటికీ రాజమండ్రికే వెళ్తారు. గోదావరి సైతం కథలో పాత్ర నోటివెంట “గోదారి” అవుతుంది, “గోదాట్లో” అవుతుంది. మంచి కథకుడు పలుకుబడిని ఎంత నిజాయితీగా పట్టుకుంటే అతని కథ సెర్చ్‌కు అంత దూరమవుతుంది. ఇందులో వ్యంగ్యం ఉంది గానీ పరిష్కారం మాత్రం పాఠకుడి చేతిలోనే ఉంది, మాట్లాడే రూపంతోనూ ఒకసారి వెతకాలి.

కంటికి కనబడని తేడాలూ ఉంటాయి. “ఫేస్‌బుక్” అన్న మాటలో స పొల్లుకూ బకూ మధ్య, రెండూ కలిసి ఒత్తుగా మారకుండా ఒక అదృశ్య గుర్తు ఉంటుంది. దాన్ని జెడ్‌డబ్ల్యుఎన్‌జే అంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే అదే మాట “ఫేస్బుక్” అయి కూర్చుంటుంది. పెద్ద సెర్చ్ ఇంజన్లు కొంతవరకు సర్దుకుంటాయి. అక్షరానికి అక్షరం పోల్చే చిన్న యాప్‌ల సెర్చ్ మాత్రం సర్దుకోదు. “ఏరియేటర్లు”, “జనరేటర్” వంటి మాటల్లో ఈ బాధ లేదు. “హోమ్‌స్టే”, “లాక్‌డౌన్” వంటి వాటిలో ఉంది. ఇవి కాక ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు వేరే. వాళ్ల రాతలో ఒకే మాటకు స్థిరమైన రూపం ఉండదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం బొమ్మల వల్ల. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా పేజీమేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తున్నారు. అవి ఏ ఫోన్లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫైల్లోంచి కాపీ చేసి పోస్టులో అతికిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని రచయిత పేజీని బొమ్మగా మార్చి పెడతాడు, లేదా పత్రిక కటింగ్‌ను ఫొటో తీసి పెడతాడు. కంటికి చక్కగా కనబడుతుంది, కానీ పోస్టు సెర్చ్‌కు మాత్రం అది బొమ్మే. ఆ బొమ్మ వాట్సాప్‌లో రెండు చేతులు మారేసరికి కుదింపుకు లోనై ఒత్తులూ గుడులూ అలుక్కుపోతాయి. అక్కడి నుంచి దాన్ని అక్షరాలుగా వెనక్కి తీయడం కూడా కష్టమే.

పేరు ఊడిన కథలు

వాట్సాప్‌లో తిరిగే కథల చివర రచయిత పేరుండాల్సిన చోట “సేకరణ” అని ఉంటుంది. సేకరించినవాడి పేరు మాత్రం ఉంటుంది ఒక్కోసారి. మంచి కథ అని తెలిసినా అదే మనిషి రాసిన రెండోది దొరకదు. పాఠకుడికి దారి అక్కడే తెగిపోతుంది. ఫార్వర్డ్‌లను ఇండియాలో ఒకసారికి ఐదు చాట్లకు మించకుండా 2018లో వాట్సాప్ కట్టడి చేసింది. 2020లో, అప్పటికే అనేకసార్లు చేతులు మారినవాటిని ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. తప్పుడు వార్తల కోసం పెట్టిన నిబంధన అది. రచయిత పేరు నిలబెట్టడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పేరు కనిపెట్టడానికి ఒక దారి ఉంది. కథలో మామూలుగా ఎవరూ రాయని వాక్యం ఒకటి ఎంచుకోవాలి. అందులోంచి వరసగా ఆరేడు మాటలు, మధ్యలో కామా లేకుండా, కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకాలి. మొదటి వాక్యం వద్దు, ఫార్వర్డ్ చేసేవాళ్లు తరచు మార్చేది దాన్నే. బొమ్మ రూపంలో ఉంటే ముందు, ఫొటోలోని అక్షరాలను చదివే గూగుల్ లెన్స్‌తో పాఠం తీయాలి. తీసిన పాఠంలో ఒత్తులు సరిచూసుకున్నాకే వెతకాలి. ఫలితాల్లో తేదీ ప్రకారం అన్నిటికంటే పాతదాన్ని తెరవాలి. అదే మూలమని గ్యారంటీ లేదు గానీ మూలానికి దగ్గరగా ఉంటుంది.

డబ్బిచ్చి ఏరించిన చోట ఏమైంది

మంచి రచనను వెతికిపెట్టేవాడికి డబ్బిస్తే? 2016లో మొదలైన స్టీమిట్ అనే బ్లాగింగ్ వేదిక అదే చేసింది. పోస్టుకు వారం రోజుల్లో వచ్చిన ఓట్లను బట్టి క్రిప్టో టోకెన్లలో చెల్లింపు. అందులో నాలుగో వంతు ఓటు వేసినవాళ్లకు. ముందుగా ఓటు వేసి, తర్వాత జనం వస్తే ఎక్కువ వాటా. సిద్ధాంతంలో ఇది మంచి పాఠకుడికి జీతం.

ఆచరణలో జరిగింది వేరు. ఎక్కువ టోకెన్లు దాచుకున్నవాడి ఓటుకు ఎక్కువ బరువు. కాబట్టి పాఠకులు “ఏది బాగుంది” అని కాక “ఏ రచయితకు పెద్ద ఓట్లు పడతాయి” అని చూశారు. చదవకుండానే పోస్టు పడగానే ఓటు వేసే బాట్లు, అంటే మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాములు, వచ్చాయి. ఓట్లు అద్దెకిచ్చే బాట్లు వచ్చాయి. పోస్టు పడిన తొలి నిమిషాల్లో వేసే ఓటుకు వచ్చే వాటాలో కోత పెట్టారు, ఆ గడువును అరగంటతో మొదలుపెట్టి క్రమంగా తగ్గించారు. 2019 ఆగస్టులో ఓటు వేసినవాళ్ల వాటాను సగానికి పెంచారు. 2020 మార్చిలో సముదాయంలో పెద్ద భాగం విడిపోయి హైవ్ అనే వేరు కుంపటి పెట్టుకుంది. అక్కడ కాస్తో కూస్తో పనిచేసింది ఒక్కటే. కొందరు పాఠకులు బృందంగా ఏర్పడి, ఎవరూ చూడని రచయితల పోస్టులు చేత్తో ఏరి జాబితా వేయడం. అంటే సంపాదకుడే వేరే పేరుతో తిరిగొచ్చాడు.

తెలుగులో అలాంటి చేతి పనికి పాత ఉదాహరణ ఉంది. శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం అనే కథల గ్రంథాలయం కథ పేరు, రచయిత, పత్రిక, తేదీ అన్న నాలుగు వివరాలతో పట్టిక కట్టుకుంటూ వచ్చింది. ఫీడ్‌లో వచ్చే కథలకు ఈ నాలుగు వివరాలూ నమోదు చేసే చోటు ఇప్పటికీ గోదావరి జిల్లాల్లో లేకపోవడం ఒక పెద్ద లోటు. గ్రంథాలయాలున్న ఊళ్లకు కొదవలేదు, అక్కడ కథలు చదివేవాళ్లకూ కొదవలేదు.

యంత్రం రాసిన కథలు

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక కథల సంఖ్య పెరగడానికి అడ్డు లేకుండా పోయింది. గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను తెలుగు విషయంలో నమ్మడం మంచిది కాదు. మనిషి రాసిందాన్ని యంత్రానిదని నిందించే ప్రమాదం ఉంది. స్థలజ్ఞానం పరీక్ష ఇంతకంటే పనికొస్తుంది. డెల్టా కాలువలను మరమ్మతుల కోసం మామూలుగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారు. మే నెల కథలో కాలువ నిండుగా పారుతుంటే అనుమానించాలి. రావులపాలెం దగ్గర మడ అడవి కనబడినా అంతే, మడ ఉండేది కోరంగి వైపు, ఉప్పునీరు తగిలే చోట. అవి తొందరలో రాసిన మనిషి తప్పులూ కావచ్చు. ఎవరు రాసినా ఆ కథ పక్కన పెట్టడానికి ఆ కారణం చాలు.

ఏరుకునే పద్ధతి

ముందు ఫీడ్‌ను కాలక్రమంలోకి మార్చుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో 2022 మార్చి నుంచి ఫాలోయింగ్, ఫేవరెట్స్ అనే వరసలున్నాయి. ఫేస్‌బుక్‌లో అదే ఏడాది జులైలో ఫీడ్స్ ట్యాబ్ వచ్చింది. గ్రూపుల్లో కొత్త పోస్టుల వరస ఎంచుకోవచ్చు. ఇంకా బ్లాగర్, వర్డ్‌ప్రెస్‌లలో రాస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల చిరునామాను ఏదైనా ఫీడ్ రీడర్‌లో వేస్తే కొత్త టపా తప్పిపోదు.

తర్వాత సెర్చ్. రెండు వృత్తి మాటలు, ఒక రచనా రూపం: “ఏటిగట్టు పంటు కథ”, “దింపు కొబ్బరి కవిత”, “పట్టుబడి ఏరియేటర్ కథ”. ప్రతిదాన్నీ “కధ”తో మరోసారి. గూగుల్‌లో ఒకే సైటులో వెతికే సౌకర్యం, తేదీల మధ్య వెతికే సౌకర్యం రెండూ ఉన్నాయి, వాడుకోవాలి. మొదటి పేజీలో వార్తలే వస్తే “ధర”, “టన్ను” వంటి మార్కెట్ మాటలను మైనస్‌తో తీసేయాలి. రొయ్యల మీద వెతికేటప్పుడు ఇది తప్పనిసరి, లేకపోతే కౌంట్ రేట్లే వస్తాయి.

ఒక మంచి కథ దొరికాక అసలు పని మొదలవుతుంది. ఆ రచయిత ప్రొఫైల్‌లో కొత్తవి కాకుండా పాతవి తెరవాలి, జనం దృష్టి పడకముందు రాసినవి. ఒక కథ మొదలు, మరో కథ మధ్యలోంచి ఒక పేరా చదవాలి. మొదటి పేరా అందరూ చెక్కుతారు, పనితనం బయటపడేది నడుమ. తర్వాత ఆ కథ కింద నిజంగా చదివి రాసిన కామెంటు ఎవరిదో చూసి, ఆ మనిషి ఇంకెవరిని చదువుతున్నారో చూడాలి. ఇలా రచయిత నుంచి పాఠకుడికి, ఆ పాఠకుడి నుంచి ఇంకో రచయితకు నాలుగడుగులు వేస్తే ట్యాగుల్లో నెల తిరిగినా దొరకని పేర్లు దొరుకుతాయి. లైకులు యాభై దాటని పోస్టులు చాలానే తగులుతాయి దారిలో.

దొరికినదాన్ని దాచుకోవడం మరవకూడదు. పోస్టు లింకు ఒక్కటే దాచుకుంటే ఖాతా మూసేసిన రోజున పోతుంది. బ్లాగు పేజీ అయితే, వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచవచ్చు. ఫేస్‌బుక్ పోస్టులు అక్కడ సరిగా నిలవవు, వాటిని పాఠంగా కాపీ చేసి రచయిత పేరు, తేదీ, లింకుతో సహా ఒక ఫైల్లో పెట్టుకోవాలి. పంచుకునేటప్పుడు కథంతా అతికించకుండా రెండు వాక్యాలూ లింకూ ఇస్తే చదివేవాడు రచయిత దగ్గరికే వెళ్తాడు.

రాసేవాళ్ల వైపు నుంచి చేయగలిగింది కొద్దిగానే ఉంది, కానీ ఖర్చులేనిది. అను ఫాంటులోని పాఠాన్ని యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరాలున్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకుంటే చాలు. బొమ్మ పెట్టక తప్పకపోతే దాని కింద మొదటి పేరానైనా అక్షరాల్లో ఇవ్వాలి. పేరును కథ చివర మాత్రమే కాకుండా కథ నడుమ కూడా ఒకచోట, విరామ గుర్తు పక్కన, పెట్టుకుంటే ఫార్వర్డ్ చేసేవాడు తోక కత్తిరించినా పేరు మిగులుతుంది. ఊరి పేరుకు రెండు రూపాలుంటే పోస్టు అడుగున రెండూ రాయాలి, “రాజమండ్రి, రాజమహేంద్రవరం” అని. కథ లోపల మాత్రం పాత్ర ఎలా అంటే అలాగే ఉంచాలి.